గ్రామచరిత్రము, వంశచరిత్రము: చల్లపల్లి ప్రాంతపు సాక్ష్యములు

ఆంధ్రదేశమును పాలించిన రాజవంశముల చరిత్ర శాతవాహనులు మొదలు గోలకొండ సుల్తానుల వఱకు విస్తారముగా వ్రాయబడినది. కాని యొక గ్రామమున నేడు నివసించు కుటుంబములు ఎచ్చటినుండి, ఎప్పుడు, ఏ కారణమున వచ్చి చేరినవి యను ప్రశ్నకు సమాధానము చెప్పు గ్రంథములు మిక్కిలి తక్కువ. ఇది యల్పవిషయమని కొందఱకు తోపవచ్చును. ఐనను ఒక కవి కాలము, ఒక కావ్యమున పేర్కొనబడిన యూరి యునికి, ఒక నాట్యసంప్రదాయము నిలిచిన తీరు, ఇవి యన్నియు తుదకు గ్రామచరిత్రము మీదనే యాధారపడియున్నవి. కృష్ణామండలమునందలి చల్లపల్లియు, దాని చుట్టునున్న ఘంటసాల, శ్రీకాకుళము, మొవ్వ, కూచిపూడి గ్రామములును ఈ విషయమును నిరూపించుటకు తగిన క్షేత్రము.

ఈ పరిశోధనమునకు మూలసూత్ర మొక్కటియే. చరిత్ర కొఱకని వ్రాయబడిన గ్రామపత్రము దాదాపు లేదు. శిస్తు కొఱకు వ్రాసినది కొంత, దానధర్మముల స్థైర్యమునకు చెక్కించినది కొంత, వ్యవహారమున గెలుచుటకు దాఖలు చేసినది కొంత. కావున ప్రతి సాక్ష్యము నెదుట నిలిపి ఇది యేల పుట్టినదని మొదట నడుగవలెను. వేఱు వేఱు ప్రయోజనములకై పుట్టిన రెండు సాక్ష్యము లొక్క మాట చెప్పినప్పుడే ఆ మాట నమ్మదగినది.

ఇంగ్లండు పద్ధతియు మన స్థితియు

ఇంగ్లండులో గ్రామచరిత్ర వ్రాయువారికి పారిషు రిజిస్టరు మొదటి యాధారము. పారిషనగా నొక క్రైస్తవాలయమునకు లోబడిన గ్రామభాగము. ఎనిమిదవ హెన్రీ కాలమున, 1538లో, ప్రతి పారిషునందును జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు లిఖింపవలెనని యుత్తరువైనది. ఆ పుస్తకములు నిలిచిన చోట్ల సామాన్యమైన కాపు కుటుంబమునకు సైతము పదితరముల వంశవృక్షము గీయవచ్చును. దీనికి తోడు 1841 నుండి జనాభా లెక్కలయందు ఇంటింటి మనుష్యుల పేర్లు భద్రపఱుపబడినవి. శ్మశానమున సమాధిశిలలు నిలిచియున్నవి.

మనకు పారిషు లేదు. దహనసంస్కారము గల కుటుంబములకు సమాధిశిల లేదు. ఈ ప్రాంతమున మృతుల పేర్లు, తేదులు తెలుపు పురాతన శిలలు చూడగోరువారు బందరునందలి డచ్చివారి శ్మశానమునకు పోవలెను. అవి పదునేడవ శతాబ్దినాటి విదేశీయులవి. చెన్నరాజధానిలో 1871 నుండి క్రమముగా జనసంఖ్య యెత్తబడినను, మొత్తములే యచ్చుపడినవి గాని యింటింటి పట్టికలు నిలువలేదు. ఐనను మనకు వేఱు సాధనములు కలవు. వానిని గుర్తించుటయే మొదటి పని.

ఇంటిపేరు

తెలుగువారి యింటిపేళ్లలో ననేకము గ్రామనామములు. ఇందొక విచిత్రము కలదు. ఘంటసాలవారు, చల్లపల్లివారు అను కుటుంబములను వెదకుటకు ఆ యా గ్రామములకు పోయిన బహుధా నిరాశయే కలుగును. ఊరివారందఱును ఒక యూరివారే యైనప్పుడు ఆ పేరు ఎవ్వరిని వేఱు చేయజాలదు. ఊరు విడిచి పొరుగూరు చేరినవానినే ఆ యూరివారు ఫలానా యూరివాడని పిలిచిరి. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో జన్మించినది ఘంటసాలలో గాదు, చౌటపల్లిలో. కావున ఊరిపేరు గల యింటిపేరు నివాసమునకు గాక వలసకు సాక్ష్యము. దానివలన బయలుదేరిన చోటు తెలియును గాని, బయలుదేరిన కాలము తెలియదు.

ఒకే పేరు గల గ్రామము లనేకములుండుట రెండవ చిక్కు. కూచిపూడియనునది కృష్ణామండలమున నొకటి, గుంటూరు సీమలో అమృతలూరు చెంత మఱియొకటి. శ్రీకాకుళమనగనే నేడు చదువరులకు ఉత్తరాంధ్ర పట్టణము స్ఫురించును. కాని ఆముక్తమాల్యద యవతారికలో కృష్ణరాయలకు స్వప్నమున ఆంధ్రమహావిష్ణువు సాక్షాత్కరించిన శ్రీకాకుళము చల్లపల్లికి సమీపమున కృష్ణాతీరమందలి గ్రామము. రాయలు కళింగదండయాత్రా ప్రసంగమున నీ వృత్తాంతము చెప్పుటచే భ్రాంతికి తావు కలదు. ఐనను విజయవాటి ప్రస్తావము ఆ భ్రాంతిని తొలగించుచున్నది. పాఠశాలయందు ఈ ఘట్టము బోధించు పండితుడు పటమున నీ యూరిని చూపుట మేలు.

నోటిమాటయు కాలగణనమును

గృహస్థుల యింట వ్రాత లేకున్నను మంత్రము కలదు. శ్రాద్ధకర్మయందు పితృ పితామహ ప్రపితామహుల పేర్లును, మాతృ పితామహీ ప్రపితామహుల పేర్లును గోత్రముతో నుచ్చరింపబడును. వివాహమున వధూవరుల ప్రవర చెప్పునపుడు మూడు తరముల పేర్లు సభలో పలుకబడును. తండ్రి తన తండ్రికి పెట్టిన శ్రాద్ధమును స్మరించినచో నాలుగైదు తరముల వఱకు పోవచ్చును. కాశీ, గయ మొదలగు క్షేత్రములయందు తీర్థపురోహితుల వహీలలో యాత్రకు పోయిన పూర్వుల పేర్లు, ఊరిపేరుతో గూడ దొరకుట కలదు. దత్తత పోయినవాని గోత్రము మారునన్న సంగతి మఱచిన పరిశోధకుడు ఒక వంశమును తెచ్చి మఱియొక వంశమున నతికించును.

నోటిమాటలో సంవత్సరసంఖ్య యుండదు, సంఘటన యుండును. "నందన కరువున వచ్చినారు", "బందరు ఉప్పెననాటికి మా తాత చంటివాడు", "పుష్కరములనాడు పుట్టినాడు" అని పెద్దలు చెప్పుదురు. నందన యను పేరు అఱువది యేండ్ల కొకమాఱు వచ్చును. అది 1832–33లో వచ్చినది, 1892–93లో వచ్చినది, 1952–53లో వచ్చినది. గుంటూరు సీమను నిర్జనము చేసిన మహాక్షామము మొదటిదానిది. రక్తాక్షి సంవత్సరమున, 1864 నవంబరు 1వ తేది రాత్రి, బందరును ముంచిన యుప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరని ప్రసిద్ధి. దివిసీమ యుప్పెన పింగళ సంవత్సరమున, 1977 నవంబరు 19న వచ్చినది. ఈ రెండుప్పెనలను ఒక్కటిగా కలిపి చెప్పు వృద్ధులు నుందురు. కావున చెప్పిన వ్యక్తి వయస్సు, తరముల సంఖ్య, సంఘటన కాలము, ఈ మూడింటిని సరిపోల్చి గాని తేది నిర్ణయింపరాదు.

వ్రాతపత్రములలో మఱి రెండు గణనములు వచ్చును. శాలివాహన శకమునకు 78 కూడిన క్రీస్తుశకము వచ్చును. కొండవీడు కృష్ణరాయలకు వశమైన శా. శ. 1437 యువ సంవత్సరము క్రీ. శ. 1515 అగును. శకసంఖ్యయు సంవత్సరనామమును ఏకీభవింపనిచో వ్రాతలోనో చదువుటలోనో దోషమున్నదని గ్రహింపవలెను. రెవిన్యూ లెక్కలలోని ఫసలీకి 590 కూడవలెను. ఫసలీ 1212 అనగా 1802–03.

కైఫియత్తులు

గ్రామచరిత్ర పరిశోధకులకు సుపరిచితమైన సాధనము కైఫియత్తు. కర్నలు కాలిన్ మెకంజీ (1754–1821) కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు మొదలగువారి సాయమున ఊరూర కరణములచే వ్రాయించిన వృత్తాంతములివి. బందరున నుద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పిమ్మట వీనిలో ననేకమునకు ప్రతులు వ్రాయించి కాపాడెను. ఊరికి పేరెట్లు వచ్చినది, గుడి యెవరు కట్టించిరి, ఏ ప్రభువు ఏ మాన్యమిచ్చెను, చెఱువులెన్ని, గుడికట్టు కుచ్చెలలెన్ని, ఇవి కైఫియత్తునందలి విషయములు. కరణములు తమ యిండ్లనున్న దండకవిలెలు చూచి వీనిని వ్రాసిరి. నేడా దండకవిలెలలో నధికభాగము నశించుటచే కైఫియత్తే వానికి ప్రతినిధి.

ఐనను కరణము తటస్థుడు గాడు. కుంపిణీ ప్రభుత్వము కొత్తగా వచ్చిన కాలమున, తన మిరాశీయు మాన్యములును నిలుచునో లేదో తెలియని స్థితిలో, దొరగారి మనుష్యు లడిగిన ప్రశ్నలకు అతడిచ్చిన సమాధానమిది. గజపతులో రాయలో తన పూర్వులకు మాన్యమిచ్చిరని వ్రాసినచోట అది నిజము కావచ్చును, హక్కు గట్టిపఱచుకొను ప్రయత్నమును కావచ్చును. ఆ యూరి గుడియందలి శాసనమో, తరువాతి యినాము రిజిస్టరో దానిని బలపఱచినగాని సిద్ధాంతముగా చెప్పరాదు. మఱియొక హెచ్చరిక: 1883లో కృష్ణామండల మాన్యుయలు వ్రాసిన గార్డను మెకంజీ వేఱు, కర్నలు మెకంజీ వేఱు. ఇరువురిని ఒక్కరిగా నుదాహరించుట పొరపాటు.

భూమి లెక్కలు

చల్లపల్లి దేవరకోట సంస్థానమునకు ముఖ్యస్థానము. యార్లగడ్డవారు దాని ప్రభువులు. 1802లో చెన్నరాజధానియందు శాశ్వతపైసలా చట్టము వచ్చినది. ఆ సంవత్సరపు 29వ రెగ్యులేషను కరణముల విధులను, లెక్కలను నిర్దేశించినది. సంస్థానము పాళ్లుగా పంచదగినదా కాదా యను సోదరుల వివాదము ప్రీవీ కౌన్సిలు వఱకు పోయి 1890లో తీర్పుపొందినది. అట్టి తీర్పులు న్యాయవాదులకే గాక చరిత్రకారులకును ఉపయోగపడును. రెండు పక్షములవారును తమ వంశక్రమమును, పూర్వపు సన్నదులను న్యాయస్థానము నెదుట నుంచుటయు, ఎదిరిపక్షము ప్రతి మాటను శోధించుటయు జరుగును. వంశమువారు సొంతముగా వ్రాయించుకొన్న చరిత్రకు ఈ పరీక్ష యుండదు.

సామాన్యకుటుంబములకు ఇనాము కమీషను పత్రములు అమూల్యములు. 1858లో నేర్పడిన యీ కమీషను అర్చకుడు, కరణము, వైద్యుడు, మంగలి, చాకలి మొదలగువారి మాన్యములను విచారించినది. మాన్యము మొదట నెవరికిచ్చిరి, ఇప్పుడనుభవించువా డెవడు, అతని వయస్సెంత, మొదటివానికి ఇతడేమగును అను ప్రశ్నలకు అందు సమాధానములు కానవచ్చును. ఒక్క పుటలో మూడు తరములు దొరకుట కలదు. పిమ్మట రిజిస్ట్రేషను కార్యాలయములలోని దస్తావేజులు, 1948 నాటి జమీందారీరద్దు చట్టము వెనుక తయారైన పట్టాలు, డైగ్లాటు, అడంగలు క్రమముగా చూడవలెను.

పత్రము వెదకుటకు ముందు పాలనావిభాగముల మార్పు తెలియవలెను. బందరు, గుంటూరు జిల్లాలు కలిసి 1859లో కృష్ణాజిల్లా యైనవి. 1904లో గుంటూరును, 1925లో పశ్చిమగోదావరియు వేఱుపడినవి. చల్లపల్లి చిరకాలము దివి తాలూకాలోనిది. 1985లో మండలము లేర్పడినవి; 2022లో ఎన్.టీ.ఆర్. జిల్లా వేఱుపడగా చల్లపల్లి కృష్ణాజిల్లాలోనే నిలిచినది. అన్నిటికంటె ముఖ్యమైన మార్పు 1984 జనవరిలో జరిగినది. వంశపారంపర్యపు కరణీకము రద్దయి గ్రామలెక్కలు ప్రభుత్వమునకు అప్పగింపబడినవి. తెచ్చి యిచ్చినవి చాలిలో నున్న పుస్తకములు. పనికిరావని తోచిన పాతకట్టలకు అడిగినవాడు లేడు.

పుటలేనివారు

భూమి లెక్కలలో భూమి గలవాడే యుండును. పాలేరు, కూలి, నేతగాడు, మాన్యము లేని వృత్తివాడు, స్త్రీలు అందుండరు. వీరు లేని గ్రామచరిత్ర సగము గ్రామపు చరిత్రయే. వీరికి వేఱు పత్రములు వెదకవలెను.

చర్చి మిషనరీ సంఘము 1841లో రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సులతో బందరున తెలుగు మిషను నారంభించినది. ఈ డెల్టా గ్రామములలో క్రైస్తవమతము పుచ్చుకొన్న మాల మాదిగ కుటుంబములకు జ్ఞానస్నానపు రిజిస్టరులు గలవు. వానిలో పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసము, తేది కానవచ్చును. ఇంగ్లండు పారిషునందలి సాధనము ఈ సీమలో మిక్కిలి పేదలకే దక్కుట చిత్రము. రెండవది వలసపట్టిక. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో నౌక దర్బను చేరినది మొదలు 1911 వఱకు నాటాలుకు పోయిన కూలీల పట్టికలలో పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడినవి. తెలుగు తెలియని గుమాస్తా చెవికి సోకినట్లు వ్రాసిన యా గ్రామనామములను కంటితో గాక నోటితో పలికి చూచిన గాని యూరు తెలియదు. నాటాలునుండి పూర్వుల యూరు వెదకుచు వచ్చువారికి ఈ సాయము చేయగలవాడు స్థానిక పండితుడే.

స్త్రీల పేర్లు పట్టాలలో నరుదు గాని, పసుపుకుంకుమక్రింద పుట్టినింటివా రిచ్చిన భూముల దస్తావేజులలో దొరకును. శ్రాద్ధమంత్రమునందు మూడు తరముల స్త్రీల పేర్లు నిలిచియున్న సంగతి పూర్వమే చెప్పబడినది. తీరాంధ్ర దేవాలయశాసనములలో అఖండదీపమునకు గొఱ్ఱెలనిచ్చిన స్త్రీలు ననేకులు గలరు. ఆ గొఱ్ఱెలను చేకొని నేయి పోయుటకు ఒప్పుకొన్న బోయల పేర్లును శిలపై నున్నవి. దాత పేరు చదివి ఆగిపోవు పరిశోధకుడు ఈ రెండవ పేరును విడిచిపుచ్చుచున్నాడు.

శిలయు, పత్రమును, ఊరును

ఈ ప్రాంతపు ప్రాచీనతకు ఘంటసాల సాక్షి. అలెగ్జాండరు రే యచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించి 1894లో భట్టిప్రోలు, గుడివాడ స్తూపములతో పాటు వివరములు ప్రకటించెను. గ్రీకు భూగోళజ్ఞుడు టాలమీ పేర్కొన్న రేవుపట్టణము కంటకసైల మిదేయని పండితుల నిర్ణయము. ఐనను రెండువేల యేండ్లనాటి వర్తకులకును నేటి ఘంటసాల గృహస్థులకును వంశసంబంధము కల్పించుటకు ఆధారము లేదు. ఊరు ప్రాచీనమైనంత మాత్రమున ఊరివారు ప్రాచీనులు గారు. 1855 నాటికి బెజవాడ యానకట్ట పూర్తియై కాలువలు పాఱిన పిమ్మట మెట్టసీమలనుండి డెల్టాకు వచ్చి చేరిన కుటుంబము లెన్నియో కలవు.

కూచిపూడి యిందుకు భిన్నమైన యుదాహరణము. గోలకొండ తానీషా భాగవతులకు ఈ గ్రామము నిచ్చెనని ప్రతీతి. ప్రతీతి మాత్రమే యైనచో సందేహింపవచ్చును. కాని 1763 నాటి యొక పంపకపు పత్రమున గ్రామమందలి భాగవతుల కుటుంబముల పేర్లు గలవని నాట్యచరిత్రకారు లుదాహరింతురు. వేదాంతము, వెంపటి, పసుమర్తి, భాగవతులవారు మొదలగు నింటిపేళ్లు నేటికిని ఆ కళతో పెనవేసికొనియున్నవి. ఇండ్లస్థలముల తగవు తీర్చుటకు పుట్టిన కాగితము నాట్యచరిత్రకు ఆధారమైనది. దానిని వ్రాసినవారికి నాట్యచరిత్ర యూహలోనైన లేదు. కావుననే యది విశ్వసనీయము.

సాహిత్యమున కేమి ప్రయోజనము

ఆంధ్రనాయకశతకకర్త కాసుల పురుషోత్తమకవి ఈ సీమవాడు. శ్రీకాకుళాంధ్రమహావిష్ణువును వ్యాజస్తుతితో కీర్తించిన యీ కవి దేవరకోట సంస్థానము నాశ్రయించినవాడనియు, ఆ ప్రభువు అంకినీడనియు సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. ప్రభువు కాలమునుబట్టియే కవిని పదునెనిమిదవ శతాబ్ది తుదను, పందొమ్మిదవ శతాబ్ది మొదటను ఉంచుచున్నారు. అంకినీడు అను పేరు ఆ వంశమున నొక్కరిది గాదు. తాతపేరు మనుమనికి పెట్టు నాచారముచే నది మరల మరల వచ్చినది. ఏ యంకినీడో తేలనిచో కవి కాలము రెండు తరములు ముందునకో వెనుకకో జరుగును. ఇచ్చట సంస్థానపు సన్నదులు, వ్యవహారపత్రములందలి వంశక్రమము, దేవాలయపు దానపత్రములు సాహిత్యవిమర్శకునకు అవసరమగుచున్నవి. గుమాస్తా వ్రాసిన లెక్క కవిజీవితమునకు వ్యాఖ్యానమగుట యిట్లు.

కర్తవ్యము

ఈ సాధనములు నిరంతరము క్షీణించుచున్నవి. తాటియాకులను పురుగు తినుచున్నది. దివిసీమ యిండ్లలో నున్నవానిని 1977 నాటి యుప్పెన యెంతగానో హరించినది. జీర్ణోద్ధారణ పేర శాసనస్తంభములకు సున్నము కొట్టుట, రంగు పూయుట, గోడలో కట్టివేయుట పెక్కు గ్రామములలో చూడనగును. విద్వాంసుడు రాజధానినుండి వచ్చులోపల వస్తువు మిగులదు. పాఠశాలాపండితుడు ఊరిలోనే యున్నాడు. అతని విద్యార్థుల యిండ్లలోనే యీ కట్టలున్నవి.

అతడు చేయవలసిన పని కష్టమైనది గాదు. వృద్ధులు చెప్పిన దానిని వారి మాటలతోనే వ్రాసికొని, చెప్పినవారి వయస్సును తేదిని చేర్చవలెను. పత్రమునకు ప్రతి వ్రాయునపుడు తప్పులను దిద్దరాదు. కరణము వ్రాసిన తప్పే యొకప్పుడు కాలనిర్ణయమునకు సాధనము. చదువరాని యక్షరమును చుక్కలతో చూపవలెను గాని యూహతో పూరింపరాదు. శాసనమునకు ఛాయాచిత్రము తీసి, అది యే గోడలో ఏ దిక్కున నున్నదో వ్రాయవలెను. మూలమును ఇంటివారికే విడిచి, ప్రతిని గ్రంథాలయమున నుంచవలెను. దత్తతలు, కులతగవులు మొదలగు విషయములు జీవించియున్నవారికి నొప్పి కలిగించునెడల వారి యనుమతి లేక ప్రకటింపరాదు. తన వంశము గొప్పదని నిరూపించుటకు బయలుదేరినవాడు ఈ పనికి తగడు. వెదకగా తన పూర్వుడు కరువున గింజలకై వచ్చిన కూలియని తేలినను ఆ మాట వ్రాయగలవాడే తగును.

ఇంగ్లండున నొక పారిషు పుస్తకము పోయిన చోట ప్రతిరూపములు మఱియొక చోట నుండవచ్చును. మన గ్రామములలో అటుకమీది కట్టకు రెండవ ప్రతి లేదు. ఇల్లు మార్చునపుడు పాతకాగితములను పొయ్యిలో వేయకమునుపు వానిని విప్పి యొక్క పూట చదువువాడు ప్రతి గ్రామమున నొక్కడున్నచో, ఆంధ్రుల చరిత్రమున నేడు ఖాళీగా నున్న పుటలలో ననేకము నిండును.